మానని పుండు, దాచిన మాట

గత సంవత్సరము మన సంఘ సభ్యుల కుటుంబములలో ఒకదానియందు జరిగిన సంగతిని, ఆ యింటివారి అనుమతి గైకొని, పేరులును ఊరును చెప్పక ఈ వారము పాఠకుల ముందుంచుచున్నాము.

నాలుగు తరముల క్రిందట కర్ణాటకమున స్థిరపడిన కుటుంబమది. మూడేండ్ల పిల్లవానికి చెంపమీద కందిగింజంత ఎఱ్ఱని బొడిపె లేచినది. అది పెరిగి, గట్టిపడి, పగిలి, రసి కారుచు నెలలు గడచినను మానలేదు. మెడక్రింద బిళ్ల కట్టి చీము పట్టినది. ఇంటి పెద్దలకు మొదట కలిగిన భయము పెద్దరోగమేమో అని. అందుచేత చుట్టములు వచ్చినప్పుడెల్ల పిల్లవానిని లోపలి గదిలో ఉంచిరి. పిదప ఒక వైద్యుడు చర్మక్షయ యని ఆరు నెలలు మందులిచ్చెను. ఇంకొక ఆసుపత్రిలో మెడ గడ్డను కోసి చీము తీసిరి. రెండు నెలలకు అదే చోట మరల లేచినది. మూడవ ఆసుపత్రిలో ఒక వైద్యురాలు తండ్రిని కన్నడమున ఒక ప్రశ్న అడిగినది: తల్లివైపున మగపిల్లలెవరైన పసితనమున పోయినారా? తండ్రి లేదనెను. ఆయన అబద్ధమాడలేదు, ఆయనకు తెలియదు. తెలిసిన తల్లి ప్రక్కనే నిలిచి యున్నది. ఆమె అనంతపురము జిల్లా నుండి కోడలుగా వచ్చినది. అంగడికిని ఇరుగుపొరుగుకును సరిపడు కన్నడమే గాని వైద్యుల కన్నడము ఆమెకు రాదు.

మరునాడు కట్టు మార్చుటకు వచ్చిన నర్సు తెలుగు పిల్ల. ఆమె అదే ప్రశ్నను తెలుగున అడుగగా తల్లి కొంగు నోటికి అడ్డము పెట్టుకొని ఏడ్చినది. "మా అన్నలిద్దరు పోయినారమ్మా. ఒకడు ఎనిమిది నెలలకు, ఒకడు రెండేండ్లకు. పెండ్లిమాటలప్పుడు ఆ సంగతి ఎత్తవద్దని మా అమ్మ నాచేత ఒట్టు పెట్టించుకున్నది" అని చెప్పినది. వారము తిరుగకముందే ఒక రక్తపరీక్షలో వ్యాధి తేలినది. ఏడాదికి పైగా మూడు ఆసుపత్రులు తిరిగి కనుగొనలేనిది ఒక్క మాటతో బయటపడినది.

ఆ వ్యాధి పేరు క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్. దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట అవసరము. మన శరీరములో ప్రవేశించిన సూక్ష్మజీవులను తెల్లరక్తకణములు మ్రింగి, ఒక విధమైన తీక్ష్ణమైన ఆక్సిజన్ పదార్థములను పుట్టించి చంపును. ఈ వ్యాధి గల బిడ్డల కణములు మ్రింగగలవు గాని చంపజాలవు. ఆ పదార్థములను తయారుచేయు సాధనమే వారి కణములలో పుట్టుకతో పనిచేయదు. ఊరివారు దొంగను పట్టిరి గాని వానిని శిక్షించు శక్తి లేదనుకొందము. అప్పుడేమి చేయుదురు? గదిలోనికి త్రోసి తలుపు వేసి చుట్టును కాపలా కూర్చుందురు. దొంగ చావడు, కాపలా తొలగదు, పైగా దినదినమును కావలివారు పెరుగుచుందురు. శరీరమును ఇట్లే చేయును. చంపలేని శత్రువు చుట్టును కణములు గుంపులు గట్టి గోడవలె నిలుచును. ఆ గుంపునకే గ్రాన్యులోమా యని పేరు. చిన్న గింజ యను అర్థము గల లాటిను మాట నుండి అది వచ్చినది. ఈ గింజలు ఊపిరితిత్తులలో, కాలేయములో, ప్రేగులలో కట్టవచ్చును. చర్మములో కట్టినప్పుడు మన కంటికి కనబడును.

1957లో అమెరికాలోని మిన్నెసోటాలో బెరెండెస్, బ్రిడ్జెస్, గుడ్ అను వైద్యులు ఈ వ్యాధిని విడిగా గుర్తించి వర్ణించినప్పుడు, బాల్యమున ప్రాణము తీయు వ్యాధి యనియే దానికి పేరుపెట్టిరి. పదేండ్లు దాటకముందే ఆ పిల్లలలో పెక్కుమంది మరణించుచుండిరి. నేడు ఆ పేరు చెల్లదు. ప్రతి దినమును ఇచ్చు సాధారణపు కోట్రైమాక్సజోల్ మందును, బూజు జాతి క్రిములు సోకకుండ ఇట్రాకొనజోల్ అను మందును బిడ్డను కాపాడుచున్నవి. తగిన దాత దొరికినచో ఎముక మూలుగ మార్పిడి వలన వ్యాధియే నయమగును. కాని ఇవి యన్నియు వ్యాధిని ముందుగా గుర్తించినప్పటి మాట.

పుట్టుకతో వచ్చు రోగనిరోధక లోపములలో ఇది ఒకటి మాత్రమే. 2022లో ప్రకటింపబడిన అంతర్జాతీయ నిపుణుల జాబితాలో ఇట్టివి 485 కలవు. వానిలో పెక్కింటియందు చర్మమున గ్రాన్యులోమాలు కనబడును. ఎటాక్సియా టెలాంజియెక్టేసియా యను వ్యాధి గల పిల్లలు నడకలో తూలుదురు, కండ్ల తెల్లగ్రుడ్డుపై ఎఱ్ఱని నరములు కనబడును. వారి ముఖముపైనను కాలుసేతులపైనను ఇట్టి మచ్చలు లేచి ఏండ్ల తరబడి మానకుండును. కామన్ వేరియబుల్ ఇమ్యూనోడెఫిషియెన్సీ యనునది యౌవనమున, నడివయస్సున కూడ బయటపడును; అందలి గ్రాన్యులోమాలను చూచి సార్కాయిడోసిస్ అని పొరబడుట కద్దు. చర్మపు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినను కుష్ఠులో, క్షయలో, సార్కాయిడోసిస్‌లో, ఈ లోపములలో గింజలు దాదాపు ఒకే తీరున కనబడవచ్చును. కుష్ఠును క్షయయు తరచుగా కనబడు మన దేశమున వైద్యుని ఆలోచన మొదట వానివైపు పోవుట తప్పుగాదు. ఆ మందులతో తగ్గనప్పుడు గూడ ఆ ఆలోచన అక్కడనే ఆగిపోవుట తప్పు. దానిని ముందుకు నడిపించునది ఇంటివారు చెప్పు చరిత్రయే.

ఆ చరిత్రలో టీకాల కథ కూడ చేరియున్నది. మన పిల్లవానికి పుట్టగానే ఎడమ భుజమున వేసిన బి.సి.జి. పుండు ఏడాది దాటినను మానలేదనియు, చంకలో బిళ్ల కట్టి చీము కారినదనియు తరువాత తెలిసినది. చాలమంది బిడ్డలకు ఆ చోట చిన్న పొక్కు లేచి, పగిలి, మచ్చగా మారును. అది మంచి గుర్తే. కాని బి.సి.జి.లో నున్నది బలహీనపరచిన సజీవ క్రిమి. నిరోధకశక్తి లేని బిడ్డలో ఆ బలహీన క్రిమియే బలవంతుడగును. చంకబిళ్లలు చీముపట్టుటయో, ఒడలెల్ల వ్యాపించుటయో జరుగును. అదే ఆ బిడ్డ శరీరము మనకు పంపిన మొదటి జాబు. ఆ జాబును చదువువారు లేకపోయిరి.

రుబెల్లా టీకా విషయమింకను విచిత్రమైనది. 2014లో ఫ్రాన్సు దేశపు వైద్యులు నిరోధకలోపము గల పిల్లల చర్మపు గ్రాన్యులోమాలలో రుబెల్లా టీకా వైరస్సు దాగియున్నట్లు కనుగొనిరి. అదివరకు ఈ పుండ్లకు కారణమేమో తెలియక వైద్యులు తికమక పడుచుండిరి. 2016లో అమెరికాలోని పరిశోధకులు, గుంపులు గట్టిన మాక్రోఫేజి కణములలోనే ఆ వైరస్సు నివసించుచున్నదని చూపిరి. 2019లో ఆ పుండ్ల నుండి జీవముగల వైరస్సునే వెలికి తీసిరి. అది బిడ్డ శరీరమున ఏండ్ల తరబడి మార్పులు చెందుచు బ్రదికియున్నది. ఆర్.ఏ. 27/3 అను ఆ టీకా వంగడమును 1960లలో ఫిలడెల్ఫియాలో స్టాన్లీ ప్లాట్కిన్ తయారుచేసెను. మన దేశమున పిల్లలకిచ్చు తట్టు, రుబెల్లా టీకాలోను ఉన్నది ఆ వంగడమే. ఈ పుండ్లకు నమ్మకమైన మందు ఇంకను ఏర్పడలేదు. మూలుగ మార్పిడి జరిగి నిరోధకశక్తి వచ్చిన పిల్లలలో మాత్రము అవి మానిపోయినట్లు వైద్యులు వ్రాసినారు.

ఇంతవరకు చదివి, అట్లయిన టీకాలే వద్దనువారు కొందరుందురని మే మెఱుగుదుము. టీకాపై అనుమానము మన ప్రాంతములకు క్రొత్తది కాదు. 1948లో మదరాసు గిండీలో బి.సి.జి. ప్రయోగశాల వెలసినది. 1955లో రాజాజీవంటి పెద్దమనిషియే ఆ టీకా ప్రచారమును గట్టిగా ప్రతిఘటించిరి. అయినను మేము నిస్సందేహముగా చెప్పుచున్నాము: టీకాలు మానుట ఈ బిడ్డలకు మేలుచేయుట కాదు, కీడు చేయుటయే. గర్భిణికి రుబెల్లా సోకినచో పుట్టు బిడ్డకు కంటిపొర, గుండెలోపము కలుగవచ్చునని 1941లోనే ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ హెచ్చరించెను. ఆ దుఃఖమును తప్పించుటకే 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ఉద్యమము మొదలైనది. మొదటి విడతలో చేరినవి కర్ణాటకము, తమిళనాడు, పుదుచ్చేరి, గోవా, లక్షద్వీపములు. అనగా బెంగుళూరు, చెన్నపట్టణములలోను, పుదుచ్చేరిలో భాగమైన యానాములోను ఉన్న మన పిల్లలు ఆ టీకాను మొదట అందుకొన్నవారిలో నున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు అది అదే సంవత్సరము ఆగస్టులో వచ్చినది. కోట్లమంది బిడ్డలకు మేలు చేసిన ఈ టీకా బహుకొద్దిమందికి మాత్రమే సరిపడదు. వారికి టీకా వేయరానప్పుడు వారిని తట్టునుండి, రుబెల్లానుండి కాపాడునదేమి? చుట్టునున్న మనమందరము టీకా వేయించుకొని ఆ రోగమును వారి గడప త్రొక్కనీయకుండుటయే.

కావున కావలసినది టీకా మానుట కాదు. సూదికి ముందు నోరు విప్పుట. ఒక బిడ్డ పసితనమున అంతుచిక్కని రోగముతో పోయిన యింట మరియొక బిడ్డ కలిగినప్పుడు, బి.సి.జి. వేయకముందే ఆ సంగతిని వైద్యునకు చెప్పవలెను. ఆయన రక్తపరీక్ష చేయించి, వేయదగినదేదో మానదగినదేదో నిర్ణయించును. ఇది వ్యాధిని బట్టి మారును. మన పిల్లవాని వ్యాధి గలవారికి బి.సి.జి. కూడదు, తట్టు, రుబెల్లా టీకా వేయవచ్చును. మరికొన్ని లోపములలో సజీవ టీకా లేవియు పనికిరావు. దీనిని ఇంటివారు తేల్చుకొనరాదు, మానుకొనరాదు, అడిగి తెలిసికొనవలెను. అమెరికాలో 2018 నాటికి అన్ని రాష్ట్రములలోను పుట్టిన ప్రతి శిశువునకును తీవ్రమైన నిరోధకలోపమును గూర్చి రక్తపరీక్ష చేయు ఏర్పాటు జరిగినది. మన దేశమంతటను అట్టి ఏర్పాటు లేదు. అది లేనిచోట అవ్వల జ్ఞాపకమే మనకు పరీక్ష.

ఇక దాచుటను గూర్చి. ఆ పిల్లవాని అమ్మమ్మను మేము నిందింపజాలము. ఇద్దరు కొడుకులను మట్టిచేసిన తల్లి, మిగిలిన ఆడపిల్లకు సంబంధము తప్పిపోవునేమో అని భయపడినది. ఆ భయమును ఆమెకు నేర్పినది మనమే. పెండ్లిచూపులలో వంశమునుగూర్చి గుసగుసలాడు మనమే. వైద్యము చెప్పునది వేరు. ఈ వ్యాధి రెండు మార్గముల వచ్చును. ఒకదానిలో లోపముగల జన్యువు తల్లి ద్వారా కొడుకులకు చేరును. ప్రతి కొడుకునకును సగము పాలు అపాయము, ప్రతి కూతురునకును తల్లివలె వాహకురాలగుటకు సగము పాలు అవకాశము. అట్టి తల్లులకు ఎండ తగిలిన ముఖమున దద్దురులు లేచుట, నోటిపూత మాటిమాటికి వచ్చుట కూడ కలదు. ఇందు మేనరికముతో పనిలేదు, తల్లి చేసిన తప్పు అణువంతయు లేదు. రెండవ మార్గమున తల్లిదండ్రు లిద్దరియందును ఒకే లోపము దాగియుండి బిడ్డయందు కలియును. మేనమామను, మేనత్త కొడుకును పెండ్లాడు ఆచారముగల చోట్ల ఈ కలయిక ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో తమిళనాడు, కర్ణాటకము, ఆంధ్రప్రదేశ్ మూడింటను పెండ్లియైన స్త్రీలలో నాలుగవ వంతుకు పైగా రక్తసంబంధుల నుద్వాహమైనవారే.

స్వస్థలము విడిచి వచ్చి స్థిరపడిన మనకు ఇందొక విశేషము కలదు. పరాయి నేలపై మన భాషను, మన ఆచారములను కాపాడుకొనుటకు మనము సంబంధములను ఆ నాలుగిండ్లలోనే కలుపుకొంటిమి. అందువలన మన తెలుగు నిలిచినది. అందువలననే ఒకే లోపము ఒకే వలయములో తిరుగుటకును వీలు కలిగినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు పాల్గొన్న పరిశోధన యొకటి 2017లో వెలువడినది. దక్షిణాసియాలోని 260కి పైబడిన సమూహములను పరీక్షింపగా, కొద్దిమంది పూర్వుల నుండి పెరిగి లోలోపలనే సంబంధములు కలుపుకొన్నవి 81 అని అందు తేలినది. ఇట్టి సమూహములలో అరుదైన వ్యాధులు మిక్కుటముగా నుండవచ్చును. అదే కారణమున వానిని కనుగొని నివారించుట సులభమును. ఇది ఏ యొక్క కులమునకును సిగ్గుచేటు కాదు. మేనరికములనన్నిటిని ఒక్కనాట మానుమని మేము బోధించుటలేదు. నిశ్చయ తాంబూలమునకు ముందు ఇరుప్రక్కల శిశుమరణములను చెప్పుకొని, అవసరమైనచో జన్యువైద్యుని సలహా పొందుడని మాత్రమే కోరుచున్నాము. జాతకములకు చూపు శ్రద్ధలో పదవ వంతు దీనికి చాలును.

చికిత్సకు దిక్కులేదని నిరాశ పడనక్కరలేదు. చండీగఢ్‌లోని పి.జి.ఐ. ఆసుపత్రియు, ముంబయిలోని జాతీయ ఇమ్యునో హెమటాలజీ సంస్థయు ఈ వ్యాధుల పరీక్షలయందు పేరొందినవి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానమున ఈ క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్‌ను, తీవ్ర సంయుక్త నిరోధకలోపమును, మూలుగ మార్పిడివలన నయమగు వ్యాధుల వర్గమున చేర్చిరి. 2022 నుండి రోగి యొక్కనికి 50 లక్షల రూపాయల వరకు సహాయము ఈ విధానము క్రింద లభించును. అయితే దానిని నిర్ణీతమైన కేంద్రముల ద్వారానే పొందవలెను. వానిలో హైదరాబాదు నిమ్స్, బెంగుళూరు ఇందిరాగాంధీ శిశు ఆరోగ్య సంస్థ, ముంబయి కె.ఇ.ఎం. ఆసుపత్రి ఉన్నవి. కర్ణాటక, మహారాష్ట్రములలోని మనవారికి ఇవి దూరము కావు.

మన సంఘము ఇంతకాలమును బడులలో తెలుగుకొరకును, పాఠ్యపుస్తకములకొరకును అర్జీలు పెట్టుచున్నది. పెట్టవలసినదే. కాని మాతృభాష బడిలో ఎంత అవసరమో ఆసుపత్రి మంచము దగ్గర అంత అవసరమని ఈ పిల్లవాని కథ మనకు నేర్పినది. పురుషులు ప్రాంతభాషలో ఉద్యోగములు, వ్యాపారములు నడుపుచున్నారు. బిడ్డ పుట్టుకలను, చావులను, జ్వరములను గుర్తుంచుకొన్నవారు స్త్రీలు. వారి జ్ఞాపకము తెలుగులో నున్నది. ఆ జ్ఞాపకము వైద్యుని చెవికి చేరు దారి మనము వేయవలెను.

అందుకు మూడు పనులు చేయవచ్చునని మాకు తోచుచున్నది. మొదటిది, ప్రతి యింటను ఒక నోటుపుస్తకము పెట్టి, మూడు తరముల జననములను, పసితనపు మరణములను, తెలిసినంతవరకు కారణములను, పిల్లలకు టీకాలు వేసిన తేదులను, పుండ్లు మానిన కాలమును తెలుగున వ్రాసి యుంచుట. పోయిన బిడ్డల పేరులు కూడ వ్రాయవలెను. వారి పేరు లేని పుస్తకమువలన ప్రయోజనము లేదు. రెండవది, ప్రతి శాఖయందును ప్రాంతభాష వచ్చిన యువతు లిద్దరు, అవసరపడిన తల్లులవెంట ఆసుపత్రికి పోవుటకు పేరులిచ్చుట. అత్తమామల యెదుట చెప్పజాలని మాటను తల్లి వారియెదుట చెప్పగలుగును. వారును దానిని వైద్యునికి తప్ప మరెవరికిని చెప్పరాదు. మూడవది, శాఖా సమావేశములలో ఒక వైద్యుని పిలిచి ఈ సూచనలను చెప్పించుట: నెలలు గడచినను మానని పుండు, పదేపదే లేచు లోతైన గడ్డలు, ఏడాదిలో రెండు మారులు వచ్చిన న్యుమోనియా, వీడని నోటిపూత, ఎదుగని బిడ్డ, చీముపట్టిన బి.సి.జి. బిళ్ల, ఇంటిలో శిశుమరణములు. వీనిలో ఏ రెండు కలిసినను, "బిడ్డ నిరోధకశక్తిని పరీక్షింతురా?" అని వైద్యుని అడుగుటకు సంకోచింపరాదు.

ఆ పిల్లవాని చెంప నేడు చాలవరకు మానినది. దినమును మందు త్రాగుచున్నాడు. మూలుగ ఇచ్చుటకు అతని అక్క సరిపడునా అని పరీక్షలు జరుగుచున్నవి. చుట్టములు వచ్చినప్పుడు అతడిప్పుడు వసారాలోనే ఆడుకొనుచున్నాడు. అతని తల్లి తన అన్నలిద్దరి పేరులను పుస్తకమున మొదటి పుటలో వ్రాసి యుంచినది. ఆ పేరులు ముప్పదియేండ్లు ఎవరి నోటను పలుకబడలేదు. పలుకబడినంతనే మేనల్లునికి దారి చూపినవి. మన యిండ్లలో ఇట్లు మూతపడియున్న పేరు లెన్ని యున్నవో, ప్రతి కుటుంబమును ఈ వారము అవ్వ ప్రక్కన కూర్చుండి అడుగవలెనని పాఠకులను ప్రార్థించుచున్నాము.